మీకు తెలుసా? క్లాసులో పేరు వేరు, ఇష్టం వేరు

ఏడో తరగతి పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి రెండు ప్రశ్నలు అడిగారనుకోండి. ‘ఈ క్లాసులో నీకు ఎవరంటే ఇష్టం?’ అన్నది మొదటిది. ‘ఈ క్లాసులో పాపులర్ ఎవరు?’ అన్నది రెండోది. రెండింటికీ ఒకే పేర్లు వస్తాయని పెద్దవాళ్లం అనుకుంటాం. చాలావరకు రావు. అమెరికాలో జెన్నిఫర్ పార్క్‌హర్స్ట్, ఆండ్రియా హాప్‌మేయర్ అనే పరిశోధకులు 7, 8 తరగతుల పిల్లలను ఇలాంటి ప్రశ్నలే అడిగి 1998లో ఫలితాలు ప్రచురించారు. క్లాసంతా పాపులర్ అని రాసిన పిల్లల్లో ఎక్కువమంది, క్లాసంతా ఇష్టమని రాసినవాళ్ల జాబితాలో లేరు. ఇష్టమైన పిల్లల గురించి తోటివాళ్లు చెప్పింది, వాళ్లు దయగా ఉంటారని, నమ్మవచ్చని. పాపులర్ పిల్లల గురించి చెప్పింది, వాళ్లు తమ మాటే నెగ్గించుకుంటారని.

ఈ తేడా పట్టించుకోకపోతే పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలు పడే అవస్థ మనకు సగమే అర్థమవుతుంది. ఆ వయసులో పేరు తెచ్చిపెట్టే దారి ‘అబ్బాయంటే ఇలా ఉండాలి, అమ్మాయంటే అలా ఉండాలి’ అన్న గీత వెంబడే పోతుంది. ఇష్టం సంపాదించుకోవడానికి ఆ గీతతో అంత పని లేదు. ఇక్కడి సంగతులన్నీ ఆ గీత గురించే.

త్రిభుజాలు, వలయాలు

పిల్లల స్నేహాలను పటంగా గీయవచ్చని చూపించింది జేకబ్ మొరీనో అనే మానసిక వైద్యుడు. నీ పక్కన ఎవరు కూర్చోవాలని ఉంది అని న్యూయార్క్ బడిపిల్లలను అడిగి, అబ్బాయిలను త్రిభుజాలుగా, అమ్మాయిలను వలయాలుగా వేసి, ఎవరు ఎవరిని కోరుకున్నారో గీతలతో కలిపాడు. 1933 ఏప్రిల్ 3న న్యూయార్క్ టైమ్స్ ఈ పటాల గురించి రాసింది. చిన్న తరగతుల్లో త్రిభుజాలకూ వలయాలకూ మధ్య గీతలు బాగానే ఉన్నాయి. నాలుగో తరగతికి వచ్చేసరికి అవి దాదాపు కనిపించకుండా పోయాయి. ఎనిమిదో తరగతి దగ్గర మళ్లీ కొన్ని మొలిచాయి. ఈరోజు సోషల్ నెట్‌వర్క్ అని మనం చూసే పటాలకు మూలపురుషుల్లో మొరీనో ఒకడు.

ఈ విడిపోవడం ఎంత తొందరగా మొదలవుతుందో ఎలినార్ మెకోబీ, కెరల్ జాక్లిన్ లెక్కగట్టారు. నాలుగున్నరేళ్ల పిల్లలు అవతలి జట్టుతో కంటే తమ జట్టుతో దాదాపు 3 రెట్లు ఎక్కువసేపు ఆడుకుంటున్నారు. అదే పిల్లలకు ఆరున్నరేళ్లు వచ్చేసరికి అది 11 రెట్లయింది. అంటే ఆరో తరగతిలో అడుగుపెట్టే పిల్లలు అప్పటికే కొన్నేళ్లుగా రెండు వేర్వేరు ఊళ్లలో పెరిగినవాళ్లు. ఆ రెండు ఊళ్ల కట్టుబాట్లూ వేరు.

ఎవరి లెక్క వారిది

ఆ కట్టుబాట్లేమిటో దగ్గరగా చూసినవాళ్లు ప్యాట్రీషియా ఆడ్లర్, పీటర్ ఆడ్లర్ దంపతులు. ఇద్దరూ సమాజ శాస్త్రవేత్తలే. తమ పిల్లలు చదివే పరిసరాల్లోనే, తల్లిదండ్రులుగా తిరుగుతూ ఏళ్ల తరబడి గమనించారు. 1992లో వాళ్లు రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ముందు చదవాల్సింది. వాళ్లు చూసిన బడుల్లో అబ్బాయికి పేరు తెచ్చినవి ఆటల్లో నేర్పు, ఎవరికీ జంకనితనం, పెద్దవాళ్ల మాటను ఎదిరించే తెగువ. అమ్మాయికి పేరు తెచ్చినవి రూపం, బట్టలు, ఇంట్లో ఉన్న డబ్బు, ఎవరిని జట్టులో చేర్చుకోవాలో ఎవరిని వెళ్లగొట్టాలో తెలిసిన నేర్పు.

ఇందులో నన్ను ఎక్కువగా కలతపెట్టేది చదువు సంగతి. పై తరగతులకు వెళ్లేకొద్దీ బాగా చదివే అబ్బాయికి ఆ చదువే బరువైంది. మార్కులు వస్తున్నాయని తెలియనివ్వకుండా దాచుకునే స్థితి వచ్చింది. అమ్మాయిలకు ఆ ఇబ్బంది లేదు. బాగా చదివినా పేరు తగ్గలేదు. అంటే పన్నెండేళ్ల అబ్బాయి మెదడులో ఒక తక్కెడ నడుస్తోంది: టీచర్ మెప్పు ఒకవైపు, వెనక బెంచీ మెప్పు ఇంకోవైపు.

ఇది కొత్త కథేమీ కాదు. జేమ్స్ కోల్‌మన్ ఇలినాయ్ రాష్ట్రంలో 10 హైస్కూళ్లు తిరిగి 1961లో పుస్తకం వేశాడు. బడి వదిలాక నిన్ను ఎలా గుర్తుంచుకోవాలని కోరుకుంటావు అని అడిగితే, గొప్ప విద్యార్థిగా అన్న అబ్బాయిల కంటే గొప్ప ఆటగాడిగా అన్నవాళ్లే ఎక్కువ. ఆటస్థలం కంటే ర్యాంకు పెద్దదైన మన తెలుగు బడుల్లో లెక్క అచ్చంగా ఇదేనని నేను అనను. చాలా ప్రైవేటు బడుల్లో ఆడుకునే చోటే లేదు. కానీ ‘పుస్తకాల పురుగు’ అన్న మాట ఏ స్వరంతో అంటారో, ఎవరి మీద విసురుతారో గమనించిన ఏ టీచర్‌కైనా ఆడ్లర్ దంపతులు చెప్పింది వెంటనే అర్థమవుతుంది.

ఓక్లహోమా విశ్వవిద్యాలయంలోని లారా మేయూ, తన సహ పరిశోధకురాలు క్లైజర్‌తో కలిసి 2020లో దీన్నంతా ఒక సిద్ధాంతంగా కూర్చింది. ఆ వయసులో పైమెట్టు మీద ఉన్న పిల్లలు, అబ్బాయి అంటే ఇలా, అమ్మాయి అంటే ఇలా అని ఆ సమాజం మనసులో ఉన్న నమూనాకు అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లని వాళ్ల వాదన.

పేరు పెరిగింది, ఇష్టం తగ్గింది

అదే లారా మేయూ, అంతకుముందు ఆంటోనియస్ సిలెసన్‌తో కలిసి 900 మందికి పైగా పిల్లలను ఐదో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఏటేటా గమనించింది. 2004లో ఫలితాలు వచ్చాయి. పుకార్లు పుట్టించడం, మాట్లాడకుండా వెలివేయడం, ‘దానితో తిరిగితే నాతో తిరగొద్దు’ అనడం వంటి పనులు చేసేవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ పేరు పెరిగింది, ఇష్టం తగ్గింది. ఈ ధోరణి అమ్మాయిల్లో మరీ బలంగా కనిపించింది.

కొట్టకుండా, తిట్టకుండా చేసే ఈ హింస పెద్దవాళ్ల కంట పడదు. ‘అమ్మాయిలు బుద్ధిగా ఉంటారు’ అన్న నమ్మకమే దానికి మరుగు. మంచి అమ్మాయి గొంతు పెంచకూడదని నేర్పించాం కనుక కోపం గుసగుసగా మారింది.

గీత దాటితే ఎవరికి ఎంత శిక్ష

క్రికెట్ ఆడే అమ్మాయిని చూసి ‘మగరాయుడిలా తయారైంది’ అని బంధువులు నవ్వుతూ అంటారు. ముగ్గు వేసే అబ్బాయికి వచ్చే మాట నవ్వుతూ అనేది కాదు, దాన్ని ఇక్కడ రాయడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ తేడా మన ఊరిది మాత్రమే కాదు. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 15 దేశాల్లో పెద్ద అధ్యయనం చేయించాయి. మనదేశంలో ఢిల్లీ, ఇంకా షాంఘై, నైరోబీ, బాల్టిమోర్, ఎడిన్‌బరో వంటి నగరాల్లో దాదాపు 450 మంది పిల్లలతోనూ, వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడి 2017లో వివరాలు వెల్లడించారు. అబ్బాయిల బట్టలు వేసుకున్న, ఆటలు ఆడిన అమ్మాయిల విషయంలో చాలాచోట్ల కొంత సర్దుకుపోయారు. అమ్మాయిల పనులు చేసిన అబ్బాయిలకు మాత్రం ఎగతాళి, కొన్నిచోట్ల దెబ్బలు.

అయితే అమ్మాయికి ఉన్న ఆ కాస్త వెసులుబాటుకూ గడువుంది. చిన్నప్పుడు మగపిల్లల ఆటలు ఆడుతూ పెరిగామన్న అమెరికన్ మహిళలను అడిగితే, చాలామంది 12, 13 ఏళ్ల దగ్గర మానేశామన్నారు. పెద్దమనిషి కాగానే సైకిల్ మూలన పడటం మన ఇళ్లలో ఎవరూ ప్రకటించకుండానే జరిగిపోతుంది. 15 దేశాల అధ్యయనంలోనూ ఇదే తేలింది. సరిగ్గా ఆ వయసులోనే అబ్బాయి తిరిగే మేర పెరుగుతుంది, అమ్మాయి తిరిగే మేర తగ్గుతుంది.

పద్నాలుగేళ్ల స్నేహం

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నియోబీ వే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉంది. ఏళ్ల తరబడి అబ్బాయిలతో మాట్లాడి, ఒకే అబ్బాయితో ఏటేటా మళ్లీ మళ్లీ మాట్లాడి, 2011లో పుస్తకం తెచ్చింది. నల్లజాతి, లాటినో, ఆసియా, తెల్లజాతి కుటుంబాల పిల్లలు అందులో ఉన్నారు. అబ్బాయిలకు మనసు విప్పడం రాదన్న మాటను ఆ పుస్తకం చదివాక నమ్మడం కష్టం. 13, 14, 15 ఏళ్ల అబ్బాయిలు తమ ప్రాణస్నేహితుల గురించి ఆమె దగ్గర దాపరికం లేకుండా మాట్లాడారు. రహస్యాలు ఎవరితో పంచుకుంటారో, వాడు లేకపోతే తామేమైపోతామో చెప్పుకున్నారు. స్నేహితుడంటే ప్రేమ అని అనడానికి వెనుకాడలేదు.

అదే పిల్లలు 16, 17 ఏళ్లకు చేరేసరికి మాట మారింది. ఆ స్నేహితుడు ఇప్పుడు అంత దగ్గర కాదు. రహస్యాలు ఎవరితోనూ చెప్పుకోరు. ప్రేమ అన్న మాట రాగానే, తాను అలాంటివాణ్ని కాదని వెంటనే ఒక సంజాయిషీ. దగ్గరితనం ఆడవాళ్ల లక్షణమని, చిన్నపిల్లల లక్షణమని వాళ్లకు అప్పటికి తెలిసిపోయింది. చాలామంది ఆ స్నేహం పోయినందుకు బాధపడుతున్నామని కూడా ఆమెకు చెప్పారు. ఏమీ పట్టనట్టు కనిపించే ఇంటర్ కుర్రాడిని చూసినప్పుడు, రెండేళ్ల క్రితం అతనికి ఎవరున్నారో, ఇప్పుడెవరున్నారో అడగాలని నాకు అనిపిస్తుంది. ‘మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా’ అన్న ఒక్క వాక్యం ఎన్ని స్నేహాలను ఎండగట్టిందో ఏ సర్వే లెక్కకూ అందదు.

అందరిలా ఉండటం తప్పా?

కాదు. ఈ విషయం స్పష్టంగా చెప్పాలి. ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ ఈగన్, డేవిడ్ పెర్రీ 2001లో నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలను పరిశీలించి రెండు సంగతులను విడదీశారు. ‘నేను నా తోటి అమ్మాయిల్లాంటి అమ్మాయినే’, ‘నేను నా తోటి అబ్బాయిల్లాంటి అబ్బాయినే’ అన్న భావన ఉన్న పిల్లలు సుఖంగానే ఉన్నారు, తోటివాళ్లూ వాళ్లను దగ్గరకు తీశారు. ‘అలా ఉండకపోతే ఊరుకోరు’ అన్న ఒత్తిడి తగిలిన పిల్లల పరిస్థితి మాత్రం దెబ్బతింది. ఈ ఒత్తిడి అబ్బాయిలకే ఎక్కువ తగిలింది.

గాజులంటే మోజుపడే అమ్మాయిని, కబడ్డీ అంటే పడిచచ్చే అబ్బాయిని మార్చాల్సిన పనేమీ లేదన్నమాట. కష్టమంతా, అలా లేని పిల్లలను తరమడంలో ఉంది. అలాంటి పిల్లలు ఎక్కువగా దిగులు పడుతున్నారని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. వాళ్లలో ఏదో లోపం ఉండటం వల్ల కాదు. తోటివాళ్ల ఎగతాళి, వెలివేత ఆ దిగులుకు పెద్ద కారణాలు.

పదమూడేళ్ల హీరో

జోసెఫ్ ఆలెన్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. 184 మందిని 13 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా వదలకుండా గమనించాడు. పదమూడేళ్లకే ప్రేమ వ్యవహారాలు, చిన్నచిన్న నేరాలు, అందమైనవాళ్లతోనే స్నేహాలు అంటూ పెద్దవాళ్లలా కనిపించాలని తొందరపడ్డవాళ్లకు అప్పట్లో మంచి పేరు. ఒకట్రెండేళ్లలో అది కరిగిపోయింది. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి మద్యం, మత్తు, చట్టంతో చిక్కులు వీళ్లలోనే ఎక్కువ. 2014లో ఈ ఫలితాలు వచ్చాయి.

ఎనిమిదో తరగతిలో మీ అబ్బాయికో అమ్మాయికో పేరు లేదని బెంగపడుతుంటే, ఈ 184 మంది కథ ఇంట్లో చెప్పండి.

అమ్మాయిల బెంచీలో కూర్చోబెట్టే శిక్ష

‘అల్లరి చేశావంటే అమ్మాయిల మధ్య కూర్చోబెడతా.’ తెలుగు మీడియమైనా ఇంగ్లిష్ మీడియమైనా ఈ బెదిరింపు వినని అబ్బాయి మన రెండు రాష్ట్రాల్లో అరుదు. టీచర్‌కు అది చిన్న ఉపాయం. క్లాసు ఒక నిమిషంలో సద్దుమణుగుతుంది. కానీ ఆ నిమిషంలో నలభై మంది పిల్లలు నేర్చుకున్నదేమిటో చూడండి. అమ్మాయిల పక్కన కూర్చోవడం అబ్బాయికి అవమానం. అమ్మాయిలు అక్కడే కూర్చుని, తమ పక్కన చోటు ఒక శిక్ష అని వింటున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

బారీ థోర్న్ అనే సమాజ శాస్త్రవేత్త కాలిఫోర్నియా, మిషిగన్ బడుల్లో నెలల తరబడి కూర్చుని 1993లో రాసిన పుస్తకంలో ఇలాంటివే కనిపిస్తాయి. లెక్కల పోటీ పెడితే అబ్బాయిలు ఒక జట్టు, అమ్మాయిలు ఒక జట్టు. వరసలు వేరు. ఆమె చూసిన ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ఇంటి దగ్గర వీధిలో అబ్బాయిలు, అమ్మాయిలు మామూలుగా కలిసి ఆడుకుంటారు. బడిలో అందరూ చూస్తుండగా కలిస్తే వెక్కిరింపు ఖాయం కనుక అక్కడ విడిపోతారు. ఎక్కువమంది కళ్లు, ఎక్కువమంది సాక్షులు ఉన్న చోట గీత లోతుగా పడుతుంది.

టీచర్ మాటకు ఎంత శక్తి ఉందో పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో లేసీ హిలియర్డ్, లిన్ లిబెన్ నర్సరీ వయసు పిల్లల కొన్ని తరగతుల్లో టీచర్లను ఒక పని చేయమన్నారు. ‘అబ్బాయిలూ, అమ్మాయిలూ’ అని విడదీసి పిలవడం, వరసలు విడిగా కట్టించడం, బొమ్మలు విడిగా అంటించడం. అబ్బాయిలు ఎక్కువ, అమ్మాయిలు తక్కువ అని ఎక్కడా అనలేదు. ఊరికే విడదీశారు, అంతే. రెండు వారాల్లో ఆ పిల్లల్లో ‘ఇది అబ్బాయిల పని, ఇది అమ్మాయిల పని’ అనే పట్టు పెరిగింది, అవతలి జట్టుతో ఆడుకోవడం తగ్గింది. మామూలుగా నడిచిన తరగతుల్లో ఇది జరగలేదు. 2010లో వచ్చిన ఈ ఫలితాన్ని టీచర్ శిక్షణ కళాశాలల్లో తప్పకుండా చెప్పాలని నా కోరిక. వరసలు కట్టించడానికి పుట్టిన నెల ఉంది, ఇంటిపేరులో మొదటి అక్షరం ఉంది, ఎత్తు ఉంది.

అందరికీ ఒకే బట్టలు

కేరళలో ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ ఒకే రకం చొక్కా, మోకాళ్ల కిందికి దిగే నిక్కరు పెట్టింది. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరిలో ఒక ప్రభుత్వ హయ్యర్ సెకండరీ బడి అందరికీ ప్యాంటు, చొక్కా అన్నప్పుడు కొన్ని సంస్థలు వీధికెక్కాయి. గమనించాల్సింది ఒకటుంది. రెండుచోట్లా మారింది అమ్మాయిల బట్టలే. ఇలాంటి సంస్కరణ ఎక్కువగా అమ్మాయిల బట్టల నుంచి అబ్బాయిల బట్టల వైపే నడుస్తుంది.

అమ్మ మాట బరువు

తెలుగు నేల మీద పిల్లలను ఎక్కువ కాలం గమనించిన అధ్యయనాల్లో యంగ్ లైవ్స్ ఒకటి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002 నుంచి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న 3,000 మంది పిల్లలను అది వెంబడిస్తోంది. ఒకే ఊళ్లో కొడుకు ప్రైవేటు బడికి, కూతురు సర్కారు బడికి వెళ్లడం, ఇంటిపనిలో అమ్మాయి గంటలు ఎక్కువ కావడం అందులో నమోదయ్యాయి. బడిలో ఎవరు ఎలా ఉండాలన్న పాఠం బడికి ముందే ఇంట్లో మొదలవుతోంది.

ఆ పాఠాన్ని మార్చవచ్చా? హరియాణాలో బ్రేక్‌త్రూ అనే స్వచ్ఛంద సంస్థ ప్రయత్నించింది. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ అనే ఆర్థికవేత్తలు దాన్ని కొలిచారు. 314 ప్రభుత్వ బడులను తీసుకుని, చీటీ వేసినట్టు కొన్నింటిని ఎంచి, ఏడు, ఎనిమిది తరగతుల అబ్బాయిలకూ అమ్మాయిలకూ రెండేళ్లకు పైగా, ముప్పావుగంట చొప్పున చర్చా తరగతులు నడిపారు. ఇంటిపని ఎవరిది, అమ్మాయి చదువు ఎందాక, ఉద్యోగం ఎవరికి అన్నవే విషయాలు. ఉపన్యాసాలు తక్కువ, పిల్లలు మాట్లాడుకోవడం ఎక్కువ. వివక్షతో కూడిన అభిప్రాయాల్లో 16 శాతం మారాయి. తరగతులు ఆగిపోయిన రెండేళ్లకు మళ్లీ అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. తర్వాత పంజాబ్, ఒడిశా ప్రభుత్వాలు ఈ పాఠాలను తమ బడుల్లోకి తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గురుకులాల్లో ఇలాంటిది నడపడానికి కావలసిన టీచర్లూ ఉన్నారు, సాయంత్రం పూట సమయమూ ఉంది.

నడవడికలో మార్పు మాత్రం అమ్మాయిల కంటే అబ్బాయిల్లో ఎక్కువ కనిపించింది. ఇంటిపనిలో చేయి వేస్తున్నామని అబ్బాయిలు చెప్పారు. కారణం ఊహించవచ్చు. చీపురు పట్టుకోవడానికి అబ్బాయికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పై చదువుకు పట్నం వెళతానని అమ్మాయి మనసులో గట్టిగా అనుకున్నా, గుమ్మం దాటాలంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి.

అదే పరిశోధకులు ఆ హరియాణా కుటుంబాల మీద ఇంకో వ్యాసం రాశారు. తల్లో తండ్రో వివక్షతో కూడిన అభిప్రాయంతో ఉంటే, వాళ్ల బిడ్డకు కూడా అదే అభిప్రాయం ఉండే అవకాశం దాదాపు 11 శాతం పాయింట్లు పెరిగింది. పిల్లలు ఈ వయసులో స్నేహితుల మాటే వింటారని మనం నమ్ముతాం. ఈ విషయంలో మాత్రం క్లాసులోని తోటి పిల్లల కంటే తల్లిదండ్రుల ప్రభావమే ఎక్కువని, ఆ ఇద్దరిలోనూ తండ్రి కంటే తల్లిదే పైచేయి అని వాళ్ల లెక్కల్లో తేలింది.